బాకీ వసూలుకు దగ్గరిదారి

సరుకు వెళ్లింది. బిల్లు వెళ్లింది. డబ్బు మాత్రం రాలేదు! ఫోను చేస్తే 'మీటింగులో ఉన్నా' అంటారు. కోర్టుకు వెళ్దామంటే ఏళ్లు పడుతుందని భయం. అయితే ఇలాంటి బాకీల కోసమే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఓ దగ్గరిదారి ఉంది. అది ఎవరికి దగ్గర, ఎంత దగ్గర?

తార్నాక చౌరస్తాలో నిలబడితే రెండు రకాల వ్యాపారాలు కనిపిస్తాయి. ఒకవైపు ఉస్మానియా క్యాంపస్. దాన్ని ఆనుకుని జిరాక్సు సెంటర్లు, బైండింగు దుకాణాలు, హాస్టళ్లు, మెస్సులు. ఇంకోవైపు వెళ్తే నాచారం, మల్లాపూర్, మౌలాలి, చర్లపల్లి. లేతు మిషన్ల నుంచి ప్లాస్టిక్ డబ్బాల దాకా అన్నీ తయారయ్యే షెడ్లు. ఈ రెంటినీ కలిపేది రోడ్డు ఒక్కటే కాదు, ఉద్దెర కూడా.

కిరాణా కొట్టువాడు 'అరువు రేపు' అని బోర్డు పెట్టుకోగలడు. ప్రింటింగ్ ప్రెస్సువాడు పెట్టుకోలేడు. నెల రోజులో, రెండు నెలలో గడువివ్వకపోతే ఆర్డరు పక్క వీధికి వెళ్లిపోతుంది. అందుకే సరుకు ముందు, పైసలు తర్వాత. ఆ 'తర్వాత' ఎప్పుడన్నదే సమస్య.

తార్నాకలో ఓ చిన్న ప్రెస్ ఉందనుకుందాం. పేరెందుకు గానీ, ఇలాంటివాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. హబ్సిగూడలోని ఓ కోచింగ్ సెంటరు స్టడీ మెటీరియల్ అచ్చు వేయించుకుంది. మొత్తం బిల్లు 4,60,000 రూపాయలు. లక్ష బ్యాంకులో వేశారు. మరో లక్షకు చెక్కిచ్చారు, అది తిరిగొచ్చింది. చెక్కు సొమ్ముతో కలిపి ఇంకా 3,60,000 రావాలి. 'కొత్త బ్యాచి అడ్మిషన్లు అవ్వనీ అన్నా, ఒకేసారి ఇచ్చేస్తాం' అన్నారు. అడ్మిషన్లు అయ్యాయి. ఫోను ఎత్తడం మానేశారు.

ప్రెస్ యజమానికి ఇది 3,60,000 రూపాయల బాకీ మాత్రమే కాదు. కాగితం సేటుకు ఈయన బాకీ. మిషను మీద బ్యాంకు వాయిదా. ఆ బిల్లు మీద జీఎస్టీ ఎప్పుడో కట్టేశాడు. కొన్నవాడు డబ్బులిచ్చాడా లేదా అని పన్ను శాఖ అడగదు, బిల్లు కొట్టారా లేదా అనే చూస్తుంది. అంటే రాని డబ్బుకు పన్ను కూడా జేబులోంచే!

చివరికి ఒకరోజు మల్కాజ్‌గిరి కోర్టులో ప్రాక్టీసు చేసే లాయరు దగ్గరికి ఫైలు పట్టుకెళ్లాడు.

'సార్, ఎన్ని రోజులల్ల వస్తయ్ పైసలు?'

లాయరు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఫైలు తిరగేస్తూ వేరే ప్రశ్న వేశాడు. 'డెలివరీ చలాన్ల మీద సంతకాలున్నయా అన్నా?'

కథంతా ఆ సంతకాల చుట్టూనే తిరుగుతుంది.

ఇరవై రోజుల లెక్క

మామూలు సివిల్ దావా ఎలా సాగుతుందో అందరికీ తెలిసిందే. వాది దావా వేస్తాడు. ప్రతివాది జవాబు దాఖలు చేస్తాడు. కోర్టు వివాదాంశాలు ఖరారు చేస్తుంది. సాక్షులు, క్రాసు, వాదనలు, మధ్యలో వాయిదాలు. ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వకుండా కాలం గడపాలనుకునేవాడికి ఇంతకన్నా సౌకర్యం ఏముంటుంది? దావా పెండింగులో ఉన్నన్నాళ్లూ ఆ డబ్బు అతని వ్యాపారంలోనే తిరుగుతుంది.

ఈ ఎత్తు కొత్తదేం కాదు. ఇంగ్లండులో వర్తకులు దీనితోనే విసిగి 1855లో ఒక చట్టం తెచ్చుకున్నారు. హుండీలు, ప్రామిసరీ నోట్ల మీద వేసిన దావాల్లో ఉత్తుత్తి వాదనలను అడ్డుకోవడమే తన ఉద్దేశమని ఆ చట్టం పేరులోనే రాసుకుంది. 1866లో అదే పద్ధతి మన దేశానికి వచ్చింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 37గా కుదురుకుంది. మొదట్లో అది కలకత్తా, మద్రాసు, బొంబాయి వంటి పెద్ద వర్తక నగరాల కోర్టులకే. 1976లో కోడ్‌ను సవరించాక, 1977 ఫిబ్రవరి నుంచి జిల్లాల్లోని మామూలు సివిల్ కోర్టులకూ ఆ దారి తెరుచుకుంది. దీన్నే సమ్మరీ సూట్ అంటారు. మన దగ్గర మాత్రం ప్రోనోటు దావా అనగానే మామూలు ఓ.ఎస్. వేసెయ్యడమే చాలామందికి అలవాటు. పక్కనే ఉన్న ఈ తలుపు చాలా ఫైళ్లకు గుర్తుకే రాదు.

ఇందులో కిటుకు ఒక్కటే. మామూలు దావాలో తన వాదన చెప్పుకోవడం ప్రతివాది హక్కు. సమ్మరీ సూట్‌లో వాదన చెప్పుకోవాలంటే ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి!

సమన్లు అందిన 10 రోజుల్లో ప్రతివాది కోర్టుకు హాజరైనట్టు నమోదు చేసుకుని చిరునామా ఇవ్వాలి. ఇవ్వకపోతే వాది చెప్పిందంతా ఒప్పుకున్నట్టే లెక్క, డిక్రీ ఇచ్చేయొచ్చు. హాజరైతే వాది తరఫున రెండోసారి సమన్లు వెళ్తాయి. వీటిని తీర్పు కోసం సమన్లు అంటారు. అవి అందిన 10 రోజుల్లో 'నా దగ్గర ఫలానా వాదన ఉంది, చెప్పుకోనివ్వండి' అని ప్రమాణ పత్రంతో దరఖాస్తు చేసుకోవాలి. చేసుకోకపోయినా, చేసుకున్నది కోర్టు తోసిపుచ్చినా తీర్పే. సాక్షులు, క్రాసు ఏవీ ఉండవు.

కాగితం మీద ఇరవై రోజుల లెక్క ఇది. అసలు చిక్కు సమన్లు అందడం దగ్గరుంటుంది. 'ఇంటికి తాళం', 'ఈ చిరునామాలో లేరు' అన్న రాతలతో కవరు తిరిగొస్తుంటే లెక్క మొదలే కాదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కోర్టు మన్నించే వీలూ ఉంది. అందుకే అనుభవమున్న లాయర్లు రోజుల లెక్క చెప్పరు.

ఇంకో మాట. బాకీ దావాలన్నీ ఈ దారిలో పోవు. హుండీ, చెక్కు, ప్రామిసరీ నోటు మీద రావాల్సిన సొమ్ము, రాతపూర్వక ఒప్పందం వల్ల రావాల్సిన కచ్చితమైన మొత్తం, గ్యారంటీ మీద రావాల్సింది... ఇలాంటివే వెళ్తాయి. 'నా పేరు చెడగొట్టాడు, రెండు లక్షలు నష్టపరిహారం ఇప్పించండి' అంటే కుదరదు. అలాంటి కోరికను పక్కన చేర్చినా దావా మొత్తం దారి తప్పుతుంది. దావా నంబరు కిందే ఇది ఆర్డర్ 37 కింద వేసిందని రాసి ఉండాలి. ఆ ఒక్క లైను మరిచిపోతే మామూలు దావాల క్యూలోకే.

సంతకం ఎందుకంటే...

ప్రెస్ యజమాని ఫైల్లో కొటేషనుంది. కోచింగ్ సెంటరు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన వర్క్ ఆర్డరుంది. మూడు బిల్లులున్నాయి. చలాన్లు అయిదు. మూడింటి మీద సంతకం, స్టాంపు ఉన్నాయి. మిగిలిన రెండూ ఖాళీ. 'అప్పుడు రాత్రయ్యింది సార్, వాచ్‌మన్ తీసుకున్నడు.'

ఆ రెండు చలాన్ల ఖాళీ జాగాలోంచే ఎదుటివాడి వాదన పుట్టుకొస్తుంది. 'ఆ పుస్తకాలు మాకు అందనే లేదు.' 'అందాయి గానీ పేజీలు తారుమారయ్యాయి.' కోర్టు వీటిని ఎలా తూకం వేస్తుంది?

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1976లో మెకలెక్ ఇంజనీర్స్ కేసులో కొన్ని సూత్రాలు చెప్పింది. 2016 నవంబరులో ఐడీబీఐ ట్రస్టీషిప్ - హబ్‌టౌన్ కేసులో వాటిని సరిచేసింది. ప్రతివాది దగ్గర గట్టి వాదన ఉంటే షరతుల్లేకుండా అనుమతి ఇవ్వాలి. నిజాయతీగా తేల్చాల్సిన అంశం ఒకటుందని చూపించినా మామూలుగా అంతే. అతని చిత్తశుద్ధి మీద అనుమానం ఉంటే డబ్బు డిపాజిట్ చెయ్యమనో, హామీ చూపమనో షరతు పెట్టొచ్చు. వాదన వినడానికి బాగానే ఉన్నా నమ్మశక్యంగా లేకపోతే ఆ షరతు అసలూ వడ్డీ కలిపి మొత్తం కట్టమనే దాకా వెళ్లొచ్చు. వాదనే లేదని, ఉన్నది ఉత్తుత్తిదని తేలితే అనుమతి లేదు. కొంత బాకీ ఒప్పుకుంటే ఆ కొంత ముందు కోర్టులో కట్టాల్సిందే.

సంతకాలున్న మూడు చలాన్ల మీద కోచింగ్ సెంటరుకు చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. మిగతా రెండింటి మీద ఉంటుంది. ఆ రెంటితో ముడిపడిన బిల్లు వరకు అనుమతి దొరికితే ఆ ముక్క మామూలు దావాగా మారి సాక్షులూ క్రాసుల దారి పడుతుంది. వాచ్‌మన్ సంతకం చేసినా, కనీసం ఆ రాత్రే 'ఫలానా సరుకు దింపాం' అని సెంటరుకు ఈమెయిల్ పంపినా ఇంత దూరం వచ్చేది కాదు. వాట్సాప్ మెసేజీలనూ కోర్టు చూస్తుంది. కాకపోతే ఫోను తీసి చూపిస్తే సరిపోదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యాలి.

'మరి నా ఖాతా పుస్తకంల అంతా రాసి ఉంది గద సార్?' అన్నాడు ప్రెస్ యజమాని. ఆయన రాసుకున్న ఖాతా పుస్తకం ఆయన మాటే అవుతుంది. ఎదుటివాడి ఒప్పుకోలు కాదు. ఏటా మార్చి చివర్లో 'మీ వైపు ఇంత బాకీ తేలింది' అని ఒక కాగితం పంపి సంతకం చేయించుకుంటే మాత్రం దానికి వేరే బలం వస్తుంది. పాతకాలపు సేట్లు దీపావళికి లెక్కలు సరిచూసుకునే ఆచారంలో ఎంతో తెలివి ఉంది మరి!

ప్రోనోటు మహిమ, దాని హద్దు

తెలుగు నేల మీద బాకీకి మొదటి సాక్షి ప్రోనోటు. నాలుగు లైన్లు, ఒక రెవెన్యూ స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. సమ్మరీ సూట్‌కు ఇంతకన్నా సరైన పత్రం లేదు. ప్రోనోటు రాసిచ్చాడంటే డబ్బు ముట్టినట్టే అని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ఊహిస్తుంది. నోటులో వడ్డీ రేటు రాయకపోతే 80వ సెక్షన్ ఏడాదికి 18 శాతం అంటుంది.

అయితే ఊహ ఊహే. దాన్ని ఎదుటివాడు ఎలా పడగొట్టగలడన్న ప్రశ్న హైదరాబాద్‌లోనే తేలింది. 1986లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ దీని మీద ఇచ్చిన తీర్పును దేశమంతా ఉటంకిస్తుంది. డబ్బు ముట్టలేదని ప్రతివాది ప్రత్యక్ష సాక్ష్యంతోనే రుజువు చెయ్యక్కర్లేదు, జరిగే అవకాశం తక్కువని పరిస్థితులను బట్టి చూపించినా చాలు, అప్పుడు భారం మళ్లీ వాది మీదికి వస్తుందన్నది దాని సారం. 1999లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టించుకుని తర్వాత అంకెలు నింపుకునే వడ్డీ వ్యాపారులున్న చోట ఆ తీర్పు అవసరమే. దగ్గరిదారి ఇచ్చినవాడి కోసమే కాదు, ఇవ్వని డబ్బుకు నోటు రాయించుకున్నవాడు అదే దారిలో పరుగెత్తకుండా కూడా చూడాలి.

స్టాంపు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఇతర పత్రాలకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి సరిచేసుకోవచ్చు. ప్రామిసరీ నోటుకు ఆ వెసులుబాటు లేదు. స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. ఒక్క రూపాయి బిళ్ల అంటించని నిర్లక్ష్యానికి లక్షలు పోయిన సందర్భాలు లాయర్ల నోట తరచూ వినిపిస్తాయి.

మూడు లక్షల గీత

ప్రెస్ యజమానికి రావాల్సింది 3,60,000. ఈ అంకె ఆయన కథను ఇంకో మలుపు తిప్పుతుంది.

2015లో వచ్చిన కమర్షియల్ కోర్టుల చట్టం మొదట కోటి రూపాయలు, ఆపైన ఉన్న వ్యాపార వివాదాలకే. 2018లో ఆ పరిమితిని మూడు లక్షలకు దించారు. అసలుతోపాటు దావా వేసేనాటికి లెక్కగట్టిన వడ్డీ కూడా ఈ మూడు లక్షల్లో కలుస్తుంది. అంటే అసలు 2,80,000 అయినా వడ్డీతో గీత దాటేయొచ్చు! గీత దాటిన వ్యాపార బాకీ దావా మామూలు సివిల్ కోర్టులో వెయ్యకూడదు, అందుకు నోటిఫై చేసిన కమర్షియల్ కోర్టులో వెయ్యాలి. ఆర్డర్ 37 దారి అక్కడ కూడా ఉంటుంది.

దానికి ముందు ఇంకో మెట్టు. అత్యవసరంగా స్టే వంటి ఉత్తర్వు కావాలంటే తప్ప, ముందు న్యాయ సేవాధికార సంస్థ దగ్గర మధ్యవర్తిత్వానికి వెళ్లి రావాలి. ఇది లాంఛనమేనని చాలాకాలం అనుకున్నారు. 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తప్పనిసరి అని తేల్చేసింది. ఆ నెల 20 తర్వాత ఈ మెట్టు ఎక్కకుండా వేసిన దావా తిరస్కరణకు గురవుతుంది. తొందర ఉందని ఉత్తుత్తి పిటిషను జతచేసి తప్పించుకుందామన్నా కుదరదని 2023లో మరో తీర్పు హెచ్చరించింది. దరఖాస్తుకు వెయ్యి రూపాయల రుసుము. గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు నెలలు. ఎదుటివాడు రాకపోతే 'రాలేదు' అని రిపోర్టు ఇస్తారు, దాంతో దావా వేసుకోవచ్చు. ఇక్కడ గడిపిన రోజులు కాలపరిమితి లెక్కలోకి రావు.

ఏ ఊరి కోర్టు అన్న పేచీ కూడా ఈ ప్రాంతానికి ప్రత్యేకం. మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. 2022 జూన్‌లో ప్రత్యేక న్యాయ జిల్లా అయింది. అంతకుముందు ఇక్కడి కోర్టులు రంగారెడ్డి జిల్లా కిందే. తార్నాక హైదరాబాద్ జిల్లాలోకి వస్తుంది. కొద్ది దూరంలోని హబ్సిగూడ మేడ్చల్-మల్కాజ్‌గిరిలోకి వస్తుంది. మెట్రోలో ఒక్క స్టేషను... అంతలోనే జిల్లా మారిపోతుంది! ప్రతివాది వ్యాపారం చేసేచోట గానీ, లావాదేవీలో కొంత భాగమైనా జరిగినచోట గానీ దావా వేయొచ్చని కోడ్ 20వ సెక్షన్ చెబుతుంది. బిల్లు అడుగున 'హైదరాబాద్ కోర్టుల పరిధిలో' అని చిన్న అక్షరాలతో అచ్చు వేసుకునే అలవాటు ఉందే, అది అలంకారం కాదు. ఏ కోర్టన్నది మొదటే తేల్చుకోకపోతే ఏడాది తర్వాత ఫైలు వాపసు వస్తుంది.

తిరిగొచ్చిన చెక్కు

లక్ష రూపాయల చెక్కు తిరిగొచ్చింది కదా, దాని సంగతి వేరే. 1989 ఏప్రిల్ నుంచి చెక్కు బౌన్సు నేరం. 138వ సెక్షన్ అన్న మాట తెలియని వ్యాపారి ఇప్పుడు లేడు. తెలియనిది అందులోని తేదీల లెక్కే. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజులు ఆగాలి. ఆ తర్వాత నెల రోజుల్లో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చెయ్యాలి. 2015 సవరణ తర్వాత ఫిర్యాదు వెయ్యాల్సింది, చెక్కు జమచేసిన మన బ్యాంకు శాఖ ఎక్కడుందో అక్కడి కోర్టులో.

శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 2018 సెప్టెంబరు నుంచి కేసు నడుస్తుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించే వీలూ వచ్చింది. ఇదీ సమ్మరీగా తేల్చాల్సిన కేసే. కానీ దేశంలో 2019 డిసెంబరు 31 నాటికి పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు చెక్కు కేసులేనని సుప్రీంకోర్టు 2021లో లెక్క చెప్పింది. త్వరగా తేల్చడానికి పెట్టిన దారిలో ట్రాఫిక్ జాం!

క్రిమినల్ కేసు వేసినంత మాత్రాన సివిల్ దావా మానుకోనక్కర్లేదు. రెండూ సాగించుకోవచ్చు. తప్పు ఎక్కడంటే... చెక్కు కేసు నడుస్తోంది కదా అని సివిల్ దావా వెయ్యకుండా మూడేళ్లు దాటించెయ్యడం. బాకీ దావాకు కాలపరిమితి మూడేళ్లే. ఎదుటివాడు ఈలోగా 'ఇంత బాకీ ఉన్నా' అని సంతకంతో రాసిస్తే ఆనాటి నుంచి మళ్లీ మూడేళ్లు. కరోనా కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసింది కాబట్టి ఆనాటి పాత బాకీలున్నవాళ్లు తేదీలు మళ్లీ చూసుకోవాలి.

తయారీదారుకు ఇంకో తలుపు

నాచారం, చర్లపల్లి షెడ్లలోని చాలామందికి అసలు కోర్టు కన్నా దగ్గరి దారి వేరే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరుకు కొన్నవాడు ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి. ఆ గడువు 45 రోజులు దాటడానికి వీల్లేదు. గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ... అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేస్తే ముందు రాజీ ప్రయత్నం, తర్వాత ఆర్బిట్రేషన్. 90 రోజుల్లో తేల్చాలని చట్టం అంటోంది. ఆ అవార్డును సవాలు చెయ్యాలంటే కొన్నవాడు 75 శాతం ముందు కట్టాలి. వసూలు చేసుకోవాల్సినవాడికి ఈ 75 శాతం నిబంధన ఒక్కటే సగం బలం.

దీనికి ఉద్యమ్ నమోదు కావాలి. అదీ సరుకు ఇచ్చే నాటికే ఉంటే పేచీ ఉండదు, బాకీ పడ్డాక పరుగెత్తి నమోదు చేసుకుంటే ఎదుటి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ తలుపు తెరుచుకోదు. 2021లో వాళ్లకూ ఉద్యమ్ నమోదు ఇచ్చారు గానీ, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే.

కోర్టు మెట్లెక్కక ముందే వాడుకోదగ్గ చిన్న ఆయుధాలు పన్ను చట్టాల్లోనూ ఉన్నాయి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే కొన్నవాడు తాను వాడుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, చిన్న పరిశ్రమలకు గడువులో చెల్లించని మొత్తాన్ని ఆ ఏటి ఖర్చు కింద చూపుకోవడానికి ఆదాయపు పన్నులో వీల్లేకుండా చేశారు. నోటీసులో ఈ రెండు లైన్లు చేరిస్తే ఫోనెత్తని యజమాని బదులు ఆయన ఆడిటర్ ఫోను చేస్తాడు!

డిక్రీ వస్తే డబ్బు వచ్చినట్టేనా?

కాదు. ఇది ఎవరూ మొదటే చెప్పని సంగతి. డిక్రీ అంటే డబ్బు రావాలని కోర్టు రాసిచ్చిన కాగితం. కట్టకపోతే ఎగ్జిక్యూషన్ పిటిషను, అంటే ఈపీ వెయ్యాలి. బ్యాంకు ఖాతా జప్తు, ఆస్తి జప్తు, వేలం... ఇదంతా మళ్లీ ఒక ప్రయాణం. ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2025లో లెక్క తీస్తే కింది కోర్టుల్లో 8.82 లక్షల ఈపీలు పెండింగులో ఉన్నట్టు తేలింది.

అందుకే దావాకు ముందే చూసుకోవాల్సింది ఎదుటివాడి దగ్గర ఏముందన్నది. ఆయన బాకీదారు సొంతానికా, భాగస్వామ్య సంస్థా, ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయా? కంపెనీ అయితే డైరెక్టరుకు మూడంతస్తుల ఇల్లున్నా, ఆయన వ్యక్తిగత గ్యారంటీ ఇవ్వకపోతే మామూలుగా ఆ ఇంటి జోలికి వెళ్లలేరు. అద్దె భవనం, అద్దె బెంచీలు, రేపో మాపో మూసేసే బోర్డు... ఇంత మాత్రమే ఉన్న సంస్థ మీద డిక్రీ ఫ్రేము కట్టించుకోవడానికే పనికొస్తుంది. తీర్పుకు ముందే ఆస్తి జప్తు చెయ్యమని అడగొచ్చు గానీ, ఎదుటివాడు ఆస్తులు దాచేస్తున్నాడని చూపించాలి. బాకీకి హామీ సంపాదించుకోవడానికి ఆ నిబంధనను వాడుకోకూడదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది.

ఈ లెక్కలన్నీ వేసుకున్నాక తార్నాక ప్రెస్ యజమాని ఏం చేస్తాడు? చెక్కుకు 138 నోటీసు వెళ్తుంది, ఎందుకంటే ఆ 30 రోజులు ఎవరి కోసం ఆగవు. బాకీ మొత్తానికి మధ్యవర్తిత్వం దరఖాస్తు వెళ్తుంది. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి కౌన్సిల్ దారి వెనకాల సిద్ధంగా ఉంటుంది.

మధ్యవర్తి ముందు కోచింగ్ సెంటరు యజమాని రావచ్చు. నోటీసు చూసిన ఆడిటరే పంపించి ఉంటాడు. 'అన్నా, ఇంత దూరం ఎందుకొచ్చినవ్, నేను ఇయ్యనన్ననా?' అంటాడు. ఈయన జవాబు చెప్పడు, సంతకాలున్న మూడు చలాన్లు బల్ల మీద పెడతాడు. ఖాళీగా ఉన్న రెండింటి గురించి బేరం మొదలవుతుంది. నలభై వేలు తగ్గించమని ఆయన, పదిహేను కన్నా తగ్గనని ఈయన. చివరికి ఎక్కడో ఒకచోట ఆగుతారు. అక్కడ రాసుకున్న ఒప్పందానికి ఆర్బిట్రేషన్ అవార్డుతో సమానమైన విలువ ఉంటుంది. తప్పితే నేరుగా ఈపీకే వెళ్లొచ్చు.

వాయిదాలు మూడు. ఈసారి చెక్కులు కోచింగ్ సెంటరు పేరుతోనే కాదు, యజమాని సొంత ఖాతా నుంచి కూడా కావాలంటాడు ప్రెస్ యజమాని. బయటికొచ్చాక కోచింగ్ సెంటరాయన స్కూటరు స్టార్టు చేస్తూ అడుగుతాడు. 'జూన్ల కొత్త మెటీరియల్ ఉంది అన్నా, ఏస్తవా?'

'ఏస్త. వాచ్‌మన్‌కు స్టాంపు ఇచ్చి కూసోబెట్టు.'